పోటు పిట్టలు, దారి పిట్ట: కాకినాడ మేడ మీద పట్టిన రాత్రి కూతల కేసు

ఈ కేసు నేను చేసిన ఒక తప్పుతో మొదలైంది కాబట్టి ముందు ఆ తప్పే చెబుతాను.

2023 సెప్టెంబర్ 29 నుంచి అక్టోబర్ 2 దాకా వరసగా నాలుగు రాత్రులు కాకినాడలో మా మేడ మీద రికార్డర్ పెట్టాను. ఆ నాలుగు రాత్రుల్లో వింబ్రెల్ కూత 63 సార్లు దొరికింది. వింబ్రెల్ అంటే కిందికి వంగిన పొడుగాటి ముక్కుతో, గోధుమ రంగు మచ్చలతో ఉండే తీరపు పక్షి. ఉత్తరాన ఆర్కిటిక్‌కి దగ్గర్లో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి మన సముద్రపు ఒడ్డుకు దిగుతుంది. రాత్రి, ఆకాశంలోంచి, అదీ వలసల కాలంలో వినిపించింది. ఇంకేం ఆలోచించలేదు. నా షీట్‌లో 63 వరసల్లోనూ చివరి గడిలో 'వలస' అని రాసేసి, నాతో పాటు పక్షులు చూసే నలుగురు మిత్రులకు పంపించాను.

వారం తిరక్కుండానే ఆ మాట 63 వరసల్లోంచీ తీసేయాల్సి వచ్చింది. పక్షిని గుర్తించడంలో తప్పు లేదు. అవి వింబ్రెల్‌లే. అది ఎందుకు ఎగిరిందన్నదే తప్పుగా రాశాను. రాత్రి కూతలు రికార్డు చేసే పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు, ముఖ్యంగా మన కోస్తాలో ఉన్నవాళ్లు, ఈ రెండిటినీ కలిపేయకుండా ఉండాలని ఈ కేసు మొత్తం రాస్తున్నాను.

బకెట్, స్పాంజి, మూడు బ్యాటరీలు

వలస పక్షుల్లో చాలా జాతులు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి. గాలి నిలకడగా, చల్లగా ఉంటుంది, డేగల బెడద తక్కువ, పగలంతా దిగి మేత వెతుక్కోవచ్చు. చీకట్లో ఎగురుతూ మధ్యమధ్య చిన్న కూతలు వేస్తాయి. ఆ కూతల్ని లెక్కపెట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1896 సెప్టెంబర్‌లో అమెరికాలోని మ్యాడిసన్ దగ్గర లిబ్బీ అనే ఆయన ఒక గుట్ట మీద కూర్చుని ఒక్క రాత్రిలో 3,800 కూతలు చెవులతోనే లెక్కపెట్టాడు. మైక్‌ని పూలకుండీ అడుగున ఆకాశం వైపు తిప్పి పెట్టే పద్ధతి బిల్ ఎవాన్స్ అనే అమెరికన్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. కుండీ గోడలు పక్కల నుంచి వచ్చే రొదని అడ్డుకుంటాయి, పైనుంచి వచ్చేదే ఎక్కువగా మైక్‌కి చేరుతుంది.

నేను వాడింది ఇరవై లీటర్ల పెయింట్ బకెట్. లోపల గోడలకి పాత పరుపులోంచి కోసిన స్పాంజి అతికించాను. అడుగున ఆడియోమోత్ అనే చిన్న రికార్డర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, మూడు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. బకెట్ మూతికి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టాను. మా దగ్గర సెప్టెంబర్ రాత్రుల్లో పడే తేమకి అది లేకపోతే రికార్డర్ మర్నాటికి తడిసిపోతుంది. సెకనుకి 32,000 శాంపిల్స్ చొప్పున రికార్డు చేస్తే గంటకి దాదాపు 230 ఎంబీ అవుతుంది. సాయంత్రం ఏడు నుంచి తెల్లవారి అయిదు దాకా పది గంటలకి 2.3 జీబీ. పాత మెమరీ కార్డు చాలు.

బకెట్ ఎక్కడ పెట్టాలన్నది బకెట్ కంటే ముఖ్యం. మొదట వాటర్ ట్యాంక్ పక్కన పెట్టాను. ట్యాంకులో బొట్టుబొట్టుగా నీళ్లు పడే చప్పుడు పది గంటలూ రికార్డయింది. తరవాత పిట్టగోడకి ఆనించి పెడితే పక్కింటి ఏసీ రొద గోడకి తగిలి బకెట్‌లోకి వచ్చింది. చివరికి మేడ నడిమధ్యన, నాలుగు ఇటుకల మీద కుదిరింది. వినాయక నిమజ్జనాలు అప్పుడే ముగిశాయి, డీజేలు ఆగాయి. నాలుగు రాత్రులూ నిశ్శబ్దంగా దొరికాయంటే అది పండగల మధ్య దొరికిన సందు.

ముందు ఊరి గొంతులు నేర్చుకోవాలి

పది గంటల రికార్డింగ్‌ని మొత్తం వినడం అయ్యే పని కాదు. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దాన్ని తెర మీద బొమ్మగా మార్చి చూస్తాం. అడ్డంగా కాలం, నిలువుగా కిలోహెర్ట్జ్‌లలో శబ్దపు ఎత్తు (శ్రుతి), కూత ఉన్నచోట ప్రకాశవంతమైన గీత. నేను ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను, ఉచితం. ఒకేసారి ఒక నిమిషం తెర మీద పెట్టుకుని పేజీలు తిప్పినట్టు తిప్పుకుంటూ పోతే, అలవాటైన కంటికి ఒక రాత్రి పూర్తవడానికి రెండు గంటలు పడుతుంది.

కొత్తవాళ్లు ఇక్కడే వలస పక్షుల కూతలు డౌన్‌లోడ్ చేసుకుని పోల్చడం మొదలుపెడతారు. నా సలహా అది కాదు. మొదటి వారం మీ మేడ మీద ఏడాది పొడుగునా రాత్రిళ్లు అరిచేవాటిని మాత్రమే నేర్చుకోండి. మా ఇంటి మీద అవి ఇవి: సందెవేళ చింతవొక్కు కొంగలు 'క్వాక్' అంటూ ఒక్కొక్కటిగా మేతకి బయల్దేరతాయి. తీతువుకి వెన్నెల ఉంటే నిద్ర ఉండదు, కుక్క కదిలినా అరుస్తుంది. పైడికంటి గుడ్లగూబలు జంటగా కీచులాడుకుంటాయి. ఎర్ర చిలువ బాతులు ఈల వేస్తూ గుంపుగా చెరువు నుంచి చెరువుకి పోతాయి. వీటిలో ఏదీ వలస కాదు. కానీ తెలియని చెవికి అన్నీ ఆకాశంలోంచి వచ్చిన వింత కూతలే.

పక్షులు కానివి వేరే. నాలుగు కిలోహెర్ట్జ్ పైన కీచురాళ్లు తెర మీద గోడ కట్టినట్టు నిండిపోతాయి. వాన పడిన రాత్రి కప్పలు ఒకటి నుంచి మూడు కిలోహెర్ట్జ్ దాకా ఆక్రమిస్తాయి. సన్నగా కీచుమనే చిన్న పిట్టల కూతలు మన దగ్గర తక్కువగా దొరకడానికి ఆ కీచురాళ్ల గోడ ఒక కారణం. అమెరికాలో, యూరప్‌లో చల్లటి రాత్రుల్లో వేల సంఖ్యలో దొరికాయని చదివి ఇక్కడ దొరక్కపోతే నిరాశ పడొద్దు. మన కోస్తాకి కలిసొచ్చేవి ఒడ్డు పక్షులు. వాటి ఈలలు రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య, కప్పలు లేని రాత్రి ఖాళీగా ఉండే చోట పడతాయి. బిగ్గరగానూ ఉంటాయి.

ఏడు ఈలలు

సెప్టెంబర్ 29 రాత్రి ఎనిమిది దాటాక తెర మీద మొదటిసారి కనిపించింది. చిన్న చిన్న అడ్డగీతలు ఏడు, ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో. ముగ్గులో చుక్కలు పెట్టినట్టు వరసగా ఉన్నాయి. ఏడూ కలిపి సెకను కంటే కొంచెం తక్కువ. ఎత్తు 2.4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. వింటే 'పిపిపిపిపిపిపి' అని తొందరగా, నవ్వినట్టుగా ఉంటుంది.

బర్డ్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఆ రాత్రి కూతల్లో కొన్నిటికి వింబ్రెల్ అంది, కొన్నిటికి బుడుబుంగ అంది. ఈ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని మూడు సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక పేరు, దాని పక్కన ఎంత నమ్మకమో ఒక అంకె ఇస్తుంది. పెద్ద ఫైళ్లలో కూతలు ఎక్కడున్నాయో వెతికిపెట్టడానికి బాగా పనికొస్తుంది. పేరు మాత్రం మనమే తేల్చుకోవాలి. బుడుబుంగ కూడా గొంతు వణికిస్తూ గబగబా అరుస్తుంది, దూరం నుంచి మసగ్గా వింటే చెవి మోసపోతుంది. తెర మీద దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. బుడుబుంగ కూతలో ముక్కలు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి, ఎక్కువసేపు సాగుతుంది, చివరికి వచ్చేసరికి ఎత్తు జారుతుంది. వింబ్రెల్ ఏడు గీతలూ సమంగా ఉంటాయి. మొదటిదాన్నీ ఏడోదాన్నీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేం.

ఇంకో పోలిక గ్రీన్‌షాంక్. అదీ ఈలే, అదీ రాత్రిపూట వినిపిస్తుంది, కాకినాడ బురదల్లో అదీ ఉంటుంది. దాని కూత సాధారణంగా మూడు ముక్కలు, 'త్యూ త్యూ త్యూ'. మధ్యలో ఎడం ఎక్కువ. ప్రతి ముక్కా పైన మొదలై కిందికి వంగుతుంది, తెర మీద మూడు కొడవళ్లు వేలాడదీసినట్టు ఉంటుంది. ముక్కల సంఖ్యని మాత్రం నమ్ముకోవద్దు. దూరంగా ఉన్న వింబ్రెల్ ఏడు ముక్కల్లో మూడే గాలికి అందొచ్చు. ఒక్కో ముక్క ఆకారం చూడండి. ఆకారం అంత తేలిగ్గా మారదు.

ఇలా ఒక్కోటీ చూసుకుని 63 కూతలకీ వింబ్రెల్ అని రాశాను. ఈ పనిలో ఇవాళ్టికీ మార్చాల్సిందేమీ కనపడలేదు.

మత్స్యకారుడి మాట

మా ఇంటికి దగ్గరలోనే కుంభాభిషేకం దగ్గర బురద మైదానం ఉంది. పాటు తీసినప్పుడు, అంటే పోటు నీళ్లు వెనక్కి పోయినప్పుడు, వందల ఒడ్డు పక్షులు అక్కడ మేస్తుంటాయి. ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతున్న గ్రేట్ నాట్ పక్షుల్ని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. ఆవల హోప్ ఐలాండ్, దక్షిణాన కోరింగ మడ అడవులు. అక్టోబర్ మొదటి వారంలో ఓ పొద్దున నేను ఆ బురద దగ్గర నిలబడి ఉంటే, వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనకి నా ఫోన్‌లో రాత్రి కూత వినిపించాను.

"బాబాయ్ గారూ, ఈ పిట్ట తెలుసా?"

ఆయన మళ్లీ పెట్టమని కూడా అనలేదు. "ఇదిగో, ఎదురుగా తిరుగుతున్నాయి కదండీ" అన్నారు. నిజమే, మా ముందు బురదలో మూడు వింబ్రెల్‌లు పీతల కోసం పొడుస్తున్నాయి.

"ఇది రాత్రి మా ఇంటి మీంచి పోతుంటే పట్టానండి. వలస పోతున్నాయనుకుంటా."

"వలసేంటండీ బాబూ. పోటొస్తే ఇవి ఎక్కడ నిలబడతాయి? నీళ్లు మోకాళ్లకి రాగానే లేచి, ఆ చెరువుల గట్ల మీదకి పోతాయి. పాటు తీశాక మళ్లీ దిగుతాయి. పగలూ అంతే, రాత్రీ అంతే. పోటుకి రాత్రేంటి, పగలేంటి?"

ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా షీట్ తెరిచాను. కూతలు దట్టంగా పడిన సమయం మొదటి రాత్రి 8:10కి అటూఇటూ. రెండో రాత్రి 8:52. మూడో రాత్రి 9:36. నాలుగో రాత్రి 10:23. రోజుకి నలభై రెండు, నలభై నాలుగు, నలభై ఏడు నిమిషాలు వెనక్కి. చంద్రుడు రోజూ ఎంత ఆలస్యంగా పైకి వస్తాడో పోటు కూడా దాదాపు అంత ఆలస్యంగా నిండుతుంది. నేను మొదలుపెట్టిన 29వ తేదీ భాద్రపద పౌర్ణమి. పెద్ద పోట్ల రోజులు. బురద మొత్తం మునిగిపోయే రోజులు.

వలస పోయే పక్షి సూర్యాస్తమయాన్ని చూసుకుంటుంది, గాలిని చూసుకుంటుంది. రోజుకి ముప్పావు గంట చొప్పున వెనక్కి జరగాల్సిన అవసరం దానికి లేదు. ఆ ముప్పావు గంట నాలుగు రాత్రులూ నా షీట్‌లోనే ఉంది. నేను తేదీల వారీగా ఒకదాని కింద ఒకటి పెట్టి చూడలేదు, అంతే.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు సమాచారం ఇస్తుంది. పోటు వేళలు తీసుకుని పక్కన పెట్టాను. 63 కూతల్లో 41 పోటు నిండడానికి ముందు గంటన్నరలో పడ్డాయి. ఆయన చెప్పినట్టే, పూర్తిగా నిండేదాకా అవి ఆగడం లేదు. 17 కూతలు పోటు తీశాక రెండు మూడు గంటలకి, బురద మళ్లీ తేలే వేళకి ఉన్నాయి. అంటే తిరుగు ప్రయాణం. మిగిలిన అయిదు ఈ రెండు గుంపుల్లోనూ పడలేదు. అవి వలసవి కావచ్చు. కానీ ఒక్క రికార్డర్‌తో ఆ అయిదు ఎటు నుంచి ఎటు పోయాయో చెప్పే దారి లేదు. పీతల కోసం బురదలోకి దిగిన మనిషిని చూసి లేచిన పక్షి కూడా కావచ్చు. అందుకే ఆ అయిదింటి పక్కన కూడా 'వలస' కొట్టేసి 'కారణం తేలలేదు' అని రాశాను. ఆ సాయంత్రమే నలుగురు మిత్రులకీ సరిచేసిన షీట్ పంపాను.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపు ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. నాలుగు రాత్రుల్లో 63 వలస కూతలు అని ఒకచోట నమోదైతే, రేపు ఎవరో ఈ తీరంలో వలస దారి ఎక్కడుందో, దీపాలు ఎక్కడ తగ్గించాలో ఆ అంకె చూసి నిర్ణయిస్తారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరుగున పడిపోతుంది. ఈ పక్షులకి పోటు వేళ నిలబడడానికి గట్లు కావాలి, రాత్రి చీకట్లో కూడా కావాలి. ఆ 58 కూతలు చెబుతున్నది అదే. నేను దాన్ని వలస అని రాసి ఆ మాటని చెరిపేశాను.

రెండో బకెట్

పోటు వేళకి లేచే పిట్టని, దూరం నుంచి వచ్చి దూరం పోయే పిట్టని శబ్దంతో విడదీయగలమా? అక్టోబర్ 14 అమావాస్య. మళ్లీ పెద్ద పోట్లు. ఈసారి రెండు రికార్డర్లు పెట్టాను. ఒకటి మా మేడ మీద. రెండోది మా స్నేహితుడి మేనత్త గారి మేడ మీద, మాకు నైరుతి దిక్కుగా సరిగ్గా 600 మీటర్లు. కాకినాడ దగ్గర తీరం కూడా ఈశాన్యం నుంచి నైరుతికే వాలి ఉంటుంది. తీరం వెంట పోయే పక్షి మొదట మా ఇల్లు దాటి తరవాత వాళ్ల ఇల్లు దాటాలి.

రెండు రికార్డర్ల గడియారాలు కలవకపోతే ఈ పని అంతా వృథా. రెండిటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి, రికార్డింగ్ మొదలుపెట్టి, గరిటెతో స్టీలు కంచం మీద ఒక్క దెబ్బ కొట్టాను. తెర మీద ఆ దెబ్బ నిలువు గీతలా పడుతుంది. నాలుగు రాత్రులయ్యాక మళ్లీ అదే బల్ల, అదే కంచం. రెండు దెబ్బల మధ్య తేడా చూస్తే గడియారాలు ఎంత జరిగాయో తెలుస్తుంది. సెకను లోపే ఉంది. మా అమ్మ "అన్నం తినే కంచాన్ని అలా మోగిస్తారట్రా" అని మందలించింది. కానీ ఇంత పదునైన శబ్దం చప్పట్లతో రాదు.

అక్టోబర్ 15న దేవీ నవరాత్రులు మొదలయ్యాయి. పందిళ్ల మైకులు రాత్రి పదిన్నర దాకా. పోటు వేళ కూతలు చాలావరకు పాటల కింద పడిపోయాయి. వినపడినంతలో మళ్లీ రోజుకి ముప్పావు గంట చొప్పునే జరిగాయి. అర్ధరాత్రి తరవాత మాత్రం శుభ్రంగా వచ్చింది.

అక్టోబర్ 17, తెల్లవారుజామున 3:52. పోటు నిండి అప్పటికి అయిదు గంటలు దాటింది. బురద మొత్తం బయట ఉంది, గట్ల మీద ఉండాల్సిన వింబ్రెల్‌కి పని లేదు, బురదలో ఉన్నది లేవాల్సిన పని లేదు. వెలుగు రావడానికి ఇంకా గంటన్నర పైనే ఉంది. ఆ వేళ మా మేడ మీద 38 సెకన్లలో అయిదుసార్లు ఏడు ఈలలు. ఒకే పక్షి. మొదట సన్నగా, మూడోది గట్టిగా, అయిదోది మళ్లీ సన్నగా.

కూతల ఎత్తులు కొలిచాను. మొదటి కూత 2.49 కిలోహెర్ట్జ్. మూడోది 2.40. అయిదోది 2.31. రైలు కూత మనవైపు వస్తున్నప్పుడు ఎత్తుగా ఉండి, దాటిపోగానే జారుతుంది కదా, డాప్లర్ అంటే అదే. ఈ జారుడుని బట్టి లెక్క వేస్తే పక్షి వేగం గంటకి 47 కిలోమీటర్లకి తక్కువ కాదు. పక్షి నేరుగా మైక్ మీదకి రాదు కాబట్టి, అసలు వేగం కాస్త ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ ఆగి నన్ను నేను ప్రశ్నించుకున్నాను. పక్షే తన గొంతు తగ్గించుకుని ఉండొచ్చుగా? మనుషులు పాట పాడుతూ శ్రుతి దించినట్టు? ఒక్క రికార్డర్ ఉంటే ఈ ప్రశ్నకి జవాబు లేదు. ముందు నాలుగు రాత్రులూ నా దగ్గర లేనిది ఇదే.

రెండో మేడ ఫైల్ తెరిచాను. అక్కడా అదే పక్షి. గట్టిగా వినిపించిన క్షణం మా మేడ కంటే 41 సెకన్లు తరవాత. అక్కడా మొదట 2.48, చివరికి 2.31. ఇక మధ్యలో ఒక కూత రెండు మేడలకీ దొరికింది. పక్షి మమ్మల్ని దాటిపోయింది, వాళ్ల దగ్గరికి ఇంకా చేరలేదు. అదే ఏడు ఈలలు, అదే క్షణం. మా రికార్డర్‌లో అది 2.32. వాళ్ల రికార్డర్‌లో 2.48. పక్షి గొంతు ఒక్కటే కదా, ఒకేసారి రెండు ఎత్తుల్లో పాడలేదు. ఒకరి నుంచి దూరమవుతూ, ఇంకొకరికి దగ్గరవుతూ ఎగురుతోంది కాబట్టే అలా వచ్చింది. రెండు కిటికీలు తెర మీద పక్కపక్కన పెట్టుకుని ఆ ఏడు గీతల్ని ఎంతసేపు చూశానో. ఒకటి కింద, ఒకటి పైన, ఎడాలు మాత్రం అచ్చంగా ఒక్కటే.

41 సెకన్లలో 600 మీటర్లు అంటే గంటకి దాదాపు 53 కిలోమీటర్లు. ఏటవాలుగా పోయి ఉంటే వేగం ఇంతకన్నా తక్కువ వస్తుంది గానీ ఎక్కువ రాదు. అంటే ఒక లెక్క 47కి తగ్గదంటోంది, ఇంకో లెక్క 53కి మించదంటోంది. గట్టిగా వినిపించిన క్షణాన్ని పట్టుకోవడంలో నాలుగైదు సెకన్లు అటూఇటూ పొరపాటు ఉండొచ్చు, పక్షి ఆగకుండా అరవదు కాబట్టి. అది కలిపినా, ఈ పక్షి రెండు మేడల మీదుగా దాదాపు తిన్నగా, ఈశాన్యం నుంచి నైరుతికి, వేగంగా పోయిందన్న మాట మారదు. పోటుకి లేచేవి ఇలా చేయవు. అవి గుంపుగా లేస్తాయి, ఒకదాని మీద ఒకటి అరుస్తాయి, ఎత్తులు ఒక వరసలో జారవు. వాటిలో రెండో మేడకి దొరికినవి చాలా తక్కువ.

షీట్‌లో ఏం రాశాను

పక్షులు చూసేవాళ్లు తమ లెక్కలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో, రాత్రి ఎగురుతూ వేసే కూతలకి వేరే పద్ధతి ఉంది. అందులో ఈ 3:52 కూతల్ని మాత్రమే, ఒక్క పక్షిగా నమోదు చేశాను. అయిదుసార్లు అరిచింది కాబట్టి అయిదు పక్షులు కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. కూతల సంఖ్య వేరు, పక్షుల సంఖ్య వేరు. రెండూ రాయండి, విడివిడిగా రాయండి.

అదే రాత్రి 1:20కి ఆరు కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి 'సీప్' ఒకటి పడింది. జిట్టంగి జాతి కావచ్చనిపించింది. కీచురాళ్ల గోడ అంచున ఉంది, ఆకారం సగమే కనపడింది. దానికి పేరు పెట్టలేదు. ఫైల్‌ని కోసి, తేదీ, సమయం రాసి, 'తెలియని' ఫోల్డర్‌లో వేశాను. ఆ ఫోల్డర్‌లో ఇప్పటికి చాలా ఉన్నాయి. ఏ ఒక్కదాన్నీ తీసేయను. రెండేళ్ల కిందట తెలియనివి కొన్ని ఇవాళ పోల్చుకోగలిగాను.

ఈ పని మొదలుపెట్టాలనుకునే కోస్తా మిత్రులకి నేను ముఖ్యంగా చెప్పేది, షీట్‌లో మరో గడి పెట్టుకోమని. జాతి, సమయం, ఎత్తు పక్కన 'పోటుకి ముందా, తరవాతా, ఎంతసేపు' అని. పులికాట్ ఒడ్డున ఉన్నా, బందరు దగ్గర ఉన్నా, భీమిలిలో ఉన్నా మీ ఊరి పోటు వేళలు వేరు, అవి తెలిసినవాళ్లు మీ రేవులోనే ఉంటారు. ఇక్కడ సముద్రం లేదనే హైదరాబాద్, వరంగల్ మిత్రులకి ఆ గడిలో చెరువు రావాలి. సందెవేళ నిద్రకి చేరే కొంగలు, చెరువు మారే బాతులు అక్కడ ఇదే మోసం చేస్తాయి. ఒక్క రాత్రి చూసి ఏమీ తేల్చకండి. కనీసం నాలుగు రాత్రుల వేళలు ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. జరుగుతున్నాయా, నిలబడ్డాయా అన్నది అప్పుడే కనిపిస్తుంది. రెండో బకెట్ పెట్టడానికి 500 నుంచి 800 మీటర్ల దూరంలో ఒక మేడ, ఆ ఇంటివాళ్ల దయ ఉంటే చాలు.

నవరాత్రులు అయ్యాక ఓ పొద్దున మళ్లీ బురద దగ్గరికి వెళ్లాను. పెద్దాయన అదే చోట ఉన్నారు. 3:52 కూత వినిపించాను, మొదటి నుంచి చివరిదాకా, 38 సెకన్లు. ఈసారి ఆయన ఇంకోసారి పెట్టమన్నారు. రెండోసారి తల కాస్త పక్కకి వంచి విన్నారు.

"పోటు టైమేనా ఇది?"

"కాదండి. పాటు చివర. నాలుగు కావస్తోంది."

"ఒక్కటే ఉందే" అన్నారు. కాసేపు ఆగి, వల పక్కన పెట్టి, దక్షిణంగా కోరింగ వైపు చెయ్యి చాపారు. "ఇటే పోయిందాండీ?"

"అటేనండి."

"అయితే ఇది మన బురద పిట్ట కాదులెండి. దారిన పోయేది."